ఆలయము – స్థలము – గ్రంథము

శ్రీవారి బ్రహ్మోత్సవములకు ఏటేట గద్వాల నుండి జోడు పంచెలు తిరుమలకు వచ్చుట యాత్రికులకు తెలిసిన విషయమే. గద్వాల సంస్థానాధీశుల కాలము నుండి సాగుచున్న ఆచారమది. నేతగాండ్రు నియమముతో మగ్గముపై నేయు ఆ పంచెల అంచున కోటకొమ్మలు తీర్చబడియుండును. వస్త్రమునకే కోటగోడ రూపమును దిద్దిన ఆ సీమ దేవాలయ వాస్తువునకును పుట్టినిల్లు వంటిది. కృష్ణా తుంగభద్రల నడుమ గల నడిగడ్డయు, దానికి చేరువనున్న వనపర్తి, కొల్లాపురము ప్రాంతములును కలిసిన ఆ భూభాగము నేడు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో నున్నది.

ఆలయమనగా రాళ్ల కూర్పు మాత్రమేనా, లేక అది నిలిచిన స్థలము కూడ ఆలయములో భాగమేనా? ఈ ప్రశ్న శాస్త్రములందు ప్రాచీనమైనది. ఈ సీమలో మాత్రము అది గత అర్ధశతాబ్దిలో కన్నులయెదుట నిలిచిన ప్రశ్న.

శాస్త్రములు చెప్పిన స్థలనిర్ణయము

మయమతము, మానసారము మొదలగు శిల్పశాస్త్ర గ్రంథములు స్తంభముతోను శిఖరముతోను ప్రారంభింపవు, భూమితో ప్రారంభించును. నేల రంగు, వాసన, రుచి చూడవలెను. ఒక గుంట త్రవ్వి ఆ మట్టితోనే దానిని పూడ్చవలెను. మన్ను మిగిలినచో ఉత్తమము, సరిపోయినచో మధ్యమము, చాలనిచో అధమము. గృహస్థులు నేటికిని ఇల్లు కట్టునపుడు ఈ పరీక్షను చేయుట కలదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో, నదీతీరములందు, సెలయేళ్ల చెంత, వనములందు, పర్వతసానువులందు దేవతలు సంతోషముతో నివసింతురని తెలిపెను. ఈ శాస్త్రములలో స్థలము మొదటిది, కట్టడము దాని వెనుకటిది.

వాస్తుగ్రంథములు ముద్రణ కెక్కిన విధము

చిరకాలము తాళపత్రములలో, స్థపతుల వంశములలో దాగియున్న ఈ విద్య 19వ శతాబ్దిలో అచ్చు గ్రంథముగా లోకమునకు తెలిసెను. బెంగుళూరులో న్యాయాధికారిగా పనిచేసిన రామరాజు మానసారాది గ్రంథములను శిల్పుల సహాయముతో పరిశీలించి ఆంగ్లమున ఒక వ్యాసగ్రంథమును రచించెను. ఆయన మరణానంతరము 1834లో లండనులో అది ప్రకటింపబడెను. శాస్త్రవాక్యమును కట్టడముతో సరిచూచి ఆంగ్లమున వివరించిన తొలి భారతీయుడాయనయే యని పండితులు భావింతురు. పిమ్మట 1876లో జేమ్స్ ఫెర్గుసన్ భారతదేశ వాస్తుచరిత్రను విస్తారముగా వ్రాసి, ఆలయములను దేశమును బట్టియు జాతిని బట్టియు ఆర్య, ద్రావిడ, చాళుక్య శైలులుగా విభజించెను.

ఈ విభజన సులభమైనదే గాని, ఆలంపురము ముందు నిలువలేదు. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దులలో కట్టిన నవబ్రహ్మ ఆలయములు అచట కలవు. తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, బాలబ్రహ్మ మొదలగు పేర్లు గలవి యైనను అవి యన్నియు శివాలయములే. వానిలో పెక్కింటికి వంపు తిరిగి పైకి లేచు రేఖాశిఖరమును, దానిపై ఆమలకమును ఉండును. ఇది ఉత్తరదేశపు నాగరరీతి. దక్షిణదేశపు నదీతీరమున ఉత్తరదేశపు శిఖరము! ఆ చాళుక్యులే పట్టదకల్లులో నాగర ద్రావిడ ఆలయములను ప్రక్కప్రక్కనే కట్టించిరి. మయమతాది దాక్షిణాత్య గ్రంథములలో నాగర ద్రావిడ వేసరములు దేశనామములుగా గాక ఆకారనామములుగా కనబడును: చతురస్రము నాగరము, అష్టాస్రము ద్రావిడము, వృత్తము వేసరము. కావున దేశపటమును ముందుంచుకొని ఆలయమును చదువరాదు. ఆ స్థలమునకు వచ్చి, దాని నది, దాని రాజు, దాని శిల్పులు, దాని శాసనములు అను వానిని కలిపి చదువవలెను.

అట్లు చదివినవారు క్రమముగా వచ్చిరి. 1914లో నెలకొన్న హైదరాబాదు రాజ్య పురావస్తుశాఖ ఈ సీమలోని కట్టడములను, శాసనములను పరిరక్షించి ప్రకటించు పనికి పూనుకొనెను. ఆలంపుర వాసియైన గడియారం రామకృష్ణశర్మ (1919–2006) తన క్షేత్రచరిత్రకై జీవితమంతయు పాటుపడెను. తూమాటి దొణప్ప 1969లో ప్రకటించిన ఆంధ్రసంస్థానముల సాహిత్యపోషణ గ్రంథము, విద్వద్గద్వాల యని పేరుగన్న గద్వాలను, వనపర్తిని, జటప్రోలును ఒక చోట చేర్చి చూపెను. 1971లో ఒడిల్ దివాకరన్ ఆలంపురమును, దాని పరిసరములలోని ఆలయములను గూర్చి ఫ్రెంచి భాషలో ఒక దీర్ఘపరిశోధనమును వెలువరించిరి. మీస్టరు, ఢాకీ పండితుల సంపాదకత్వమున భారతీయ దేవాలయ వాస్తు విజ్ఞానసర్వస్వ సంపుటములు 1983 నుండి వెలువడినవి.

పై సంవత్సరములను గమనింపవలెను. 1971కిని 1983కిని నడుమ ఈ సీమ రూపమే మారిపోయినది.

జలము వచ్చిన కాలము

శ్రీశైలము ప్రాజెక్టునకు 1963లో శంకుస్థాపన జరిగెను. 1980ల తొలినాళ్లలో జలాశయము నిండగా కృష్ణా తుంగభద్రల తీరములందలి నూరుకు పైగా గ్రామములు మునిగినవి. పొలములకు నీరు, దేశమునకు విద్యుత్తు లభించినవి. కాని తరతరముల ఊళ్లతోపాటు ఆలయములకును స్థానచలనము తప్పలేదు.

ఆలంపురమునకు నదివైపున రక్షణకట్ట ఏర్పడెను. కృష్ణా తుంగభద్రలు కూడు చోట నున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును మాత్రము రాయి రాయిగా విప్పి ఆలంపురము చేరువన తిరిగి నిలిపిరి. పాపనాశి ఆలయ సముదాయము కూడ అట్లే తరలెను. నాగర్‌కర్నూలు జిల్లాలో సోమశిల ఆలయములు, జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయము, మంచాలకట్ట మాధవస్వామి ఆలయము ఎత్తైన చోట్లకు చేరినవి. మాధవస్వామి నేడు కొల్లాపురములో సేవలందుకొనుచున్నాడు.

ఇట్టి కార్యము లోకమున ఇదియే మొదటిది కాదు. నాగార్జునసాగర జలాశయము నిండకమునుపు నాగార్జునకొండ కట్టడములను తరలించిరి. ఈజిప్టు దేశములో నైలునది ఒడ్డున నున్న అబూ సింబెల్ ఆలయములను 1964–68 నడుమ కోసి పైకెత్తిరి. పద్ధతి అన్నిచోట్లను ఇంచుమించు ఒక్కటే. ముందుగా కొలతలు తీసి పటములు గీయుదురు, ఛాయాచిత్రములు తీయుదురు, ప్రతి రాతికి ఒక సంఖ్య వేయుదురు, పిదప శిఖరము నుండి అధిష్ఠానము వరకు విప్పి, కొత్తచోట అధిష్ఠానము నుండి శిఖరము వరకు కూర్చుదురు. ఆగమమునందును జీర్ణోద్ధారణ సమయమున కళాకర్షణము చేసి, దైవశక్తిని కుంభమునందు ఆవాహన గావించి, బాలాలయమున నిలుపు విధి కలదు. దేవుని కదిలించు మార్గము శాస్త్రమునందు ఉన్నది. రాతిని కదిలించు మార్గము స్థపతి యెరుగును. స్థలమును కదిలించు మార్గము మాత్రము ఎవరికిని లేదు.

సంగమేశ్వరుడను పేరే ఇందుకు సాక్షి. రెండు నదులు కలియు చోట వెలసెను గనుక ఆ పేరు వచ్చెను. ఆలయము చెక్కుచెదరక నిలిచినది. దాని ముందు సంగమము లేదు. నేడు ఆలంపురములో ఆ ఆలయమును చూచువారికి పేరు ఎందుకు వచ్చినదో చెప్పునది గ్రంథమే.

చతుర్వింశతి మూర్తులు: ఒక నిదర్శనము

గ్రంథము చేయు సేవ ఎట్టిదో కొల్లాపుర మాధవస్వామి ఆలయమున తెలియగలదు. ఆ గోడలపై శ్రీమహావిష్ణువు చతుర్వింశతి మూర్తులు చెక్కబడియున్నవి. కేశవ, నారాయణ, మాధవాది నామములను ఆచమనమునందు నిత్యము పలుకు గృహస్థులకు ఇవి పరిచితములే. ఈ మూర్తులన్నియు చతుర్భుజములు. శంఖ చక్ర గదా పద్మములు నాలుగును అన్నింటికిని సమానములు. ఏ చేతిలో ఏది యున్నదను క్రమమే భేదము. మొదటి చేతికి నాలుగు, రెండవదానికి మిగిలిన మూడు, మూడవదానికి రెండు, నాల్గవదానికి ఒకటి: నాలుగు మూళ్ల పండ్రెండు, పండ్రెండు రెండ్ల ఇరువది నాలుగు. అంతకు మించి ఇంకొక క్రమము సాధ్యము గాదు. పురాణ భేదముచే కొన్ని మూర్తుల లక్షణములు మారుటయు కలదు.

ఇట్టి ఆలయమును విప్పి కట్టునపుడు ఒక్క శిల తారుమారైనను నామక్రమము చెడును. విప్పకముందు తీసిన పటమును, వ్రాసిన వర్ణనమును మాత్రమే సరిచూచు ప్రమాణములు. కావుననే ఆలయములను గూర్చిన పరిశోధనగ్రంథములను కేవల పాండిత్యప్రదర్శనముగా భక్తులు తలంపరాదు. అవి దేవుని నగల పట్టికవలె కాపాడదగినవి. జటప్రోలు ప్రభువైన సురభి మాధవరాయలు తన చంద్రికాపరిణయ కావ్యమును మదనగోపాలస్వామికి అంకితమొసగెను. ఆలయమునకు స్థానచలనము కలిగినను, కావ్యమునందు స్వామి జటప్రోలు విడువలేదు.

స్థలమును నిర్మించిన ఊరు

ఈ సీమలోనే దీనికి ఎదురైన నిదర్శనము కూడ కలదు. వనపర్తి జిల్లాలో పెబ్బేరు చేరువనున్న శ్రీరంగాపురమున వనపర్తి సంస్థాన ప్రభువులు 18వ శతాబ్దిలో రంగనాయకస్వామికి ఆలయము కట్టించిరి. గరుడపక్షి దారి చూపగా స్వామి విగ్రహము లభించెనని స్థలపురాణము. శ్రీరంగము కావేరీ కొల్లిడముల నడుమనున్న ద్వీపము. వనపర్తి సీమలో కావేరి లేదు. అందుచేత ఆలయము చెంత విశాలమైన తటాకముండ, దానికి రంగసముద్రమని పేరు. ఊరు శ్రీరంగాపురమైనది. నీటి చెంత రంగని చూడగోరిన భక్తి ఆలయముతోపాటు స్థలమును గూడ నిర్మించుకొనెను. కూడవెల్లిలో నీరు వచ్చి ఆలయమును స్థలమునుండి వేరుచేసినది. శ్రీరంగాపురములో నీరే ఆలయమునకు స్థలమైనది.

యాత్రికులు చేయదగినది

ఈ ఆలయములను సేవింపబోవు యాత్రికులు దర్శనానంతరము రెండు మాటలు అడిగి తెలిసికొనవలెను: స్వామి పూర్వము ఏ ఊర నుండెను? ఏ నదికి ఏ దిక్కున ఉండెను? సోమశిలకు వెళ్లినవారు కృష్ణకు ఆవలి ఒడ్డున గల సంగమేశ్వరమును గూర్చి వినగలరు. ఏడాదిలో ఎక్కువకాలము నీటిలోనుండి, వేసవిలో నీరు తగ్గినపుడు బయటపడు ఆలయమది. అపుడు అర్చకులు పూజలు సాగింతురు.

మునిగిన ఊళ్లను చూచినవారు నేటికిని ఈ జిల్లాలలో కలరు. జలాశయము నిండిననాడు ఇరువది యేండ్ల వయస్సుగలవారు నేడు అరువది దాటిరి. రథము ఏ వీధిని తిరిగెడిది, కోనేరు ఏ దిక్కున నుండెను, ఉత్సవమూర్తి ఏ రేవున అవభృథమునకు దిగెడివాడు – ఇవి ఏ పురావస్తు పటమునందును పూర్తిగా లేవు. వారి జ్ఞప్తియందే కలవు. ఆ యింటి పిల్లలు ఒక పుస్తకము తీసికొని పెద్దలు చెప్పినది చెప్పినట్లు, ఊరిపేరు, చెప్పినవారి పేరు, తేదీతో సహా వ్రాసియుంచవలెను. ఇంటనున్న పాత ఛాయాచిత్రముల వెనుక ఏ ఊరిదో వ్రాయవలెను. పుష్పకైంకర్యము, దీపకైంకర్యమువలె ఇదియు కైంకర్యమే. పూవు రేపు కూడ పూయును. ఆ పెద్దల మాటను మాత్రము నేడే వ్రాసికొనవలెను.