ఏ నీటికి ఏ పడవ?

మన తిరువూరు సముద్రమునకు దూరమున నున్నది. అయినను మన విద్యార్థులు సెలవులలో భవానీద్వీపమునకును, కొల్లేటికిని, మచిలీపట్టణపు తీరమునకును పోవుచుందురు. అచ్చట పడవ యెక్క నుత్సాహపడుట సహజము. ఏ పడవ మంచిదని వారు మమ్ము నడుగుచుందురు. తాను పోవలసిన నీటికి తగినదే మంచి పడవ. ఈ సంగతిని మన దేశపు పడవలే చక్కగా బోధించును.

కొల్లేరు లోతు తక్కువైన మంచినీటి సరస్సు. అచ్చటివారు తాటిమ్రాను మొదలును తొలిచి దోనె చేయుదురు. అది కొద్దిపాటి నీటిలోనే తేలును. గడతో త్రోసిన చాలును. ఒంటి దోనె యిటునటు నొరగును గనుక రెండింటిని ప్రక్కప్రక్కన జేర్చి కట్టుదురు. వెడల్పు హెచ్చినకొలది నిలుకడ హెచ్చునని దీనివలన తెలియుచున్నది.

కృష్ణా తుంగభద్రలలో రాళ్లు మెండుగా నున్నచోట్ల పుట్టి తగినది. వెదురుబద్దలను గుండ్రని గంపవలె నల్లి, పూర్వము తోలు కప్పెడివారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పుచున్నారు. రాతికి తగిలినను అది సులభముగా పగులదు. కాని ముందువెనుకలు లేనిదగుటచే గిరగిర తిరుగును. గాలికెదురుగా తిన్నగా పోజాలదు. ఏరు దాటుటకు మంచిదే గాని దూరప్రయాణమునకు పనికిరాదు.

సముద్రపుటొడ్డున కెరటములు విరుగుచోట, మేకులతో బిగించిన పడవ ఆ దెబ్బలకు విచ్చిపోవచ్చును. కావున మసూలా పడవ పలకలను మేకులు లేకుండ కొబ్బరిపీచు త్రాటితో కుట్టెడివారు. అవి కెరటముతోపాటు కొంత వంగి నిలిచెడివి. చెన్నపట్టణమున ఓడరేవు కట్టకపూర్వము ఓడలలో వచ్చినవారు వీనిమీదనే యొడ్డు చేరుచుండిరి. జాలరుల తెప్ప దుంగలను జేర్చి కట్టినది. మీద పడిన నీరు సందులగుండ జారిపోవును గనుక మనుష్యుడు తడియునే గాని తెప్ప నీటితో నిండదు.

ఉత్తరధ్రువ ప్రాంతమందలి ఇన్యూట్ జనులు చట్రముపై సీలు తోలు బిగించి కయాక్ అను పడవను చేసిరి. ఇప్పుడు దానిని ప్లాస్టిక్కుతోను ఫైబరుతోను చేసి లోకమంతట విహారమునకు వాడుచున్నారు. సముద్రముపై దూరము పోవువారికి పొడవై సన్ననైనది కావలెను. అది తిన్నగా, వేగముగా పోవును. మెలికలు తిరుగు ఏటిలో పొట్టిది మేలు. అది సులభముగా మరలును. క్రొత్తగా నేర్చువానికి వెడల్పైనది క్షేమము.

అయితే పడవ తగినదైనను, బరువు మించినచో గాని కాలము అనుకూలింపనిచో గాని అపాయము తప్పదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్టణము వద్ద కృష్ణలో విహారపు పడవ తలక్రిందులై 20 మందికి పైగా మరణించిరి. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు వద్ద మరియొకటి మునిగి అనేక కుటుంబములు దుఃఖములో మునిగెను.

కావున విద్యార్థులారా, ఎక్కుటకు పూర్వము మూడు సంగతులు చూడుడు. నీరు వరద లేక నెమ్మదిగా నున్నదా? జనము నిండిన పిమ్మట పడవ యంచు నీటికి మిక్కిలి దగ్గరగా దిగినదా? అందరికిని లైఫ్ జాకెట్లు కలవా? ఎక్కిన పిమ్మట లేచి నిలువకుడు. అందరు నొకే ప్రక్కకు పోకుడు. నిలిచినప్పుడు గురుత్వకేంద్రము పైకి పోవుటచే పడవ త్వరగా నొరగును.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చదువుడు. ప్రయాణము అపాయకరమని పౌలు క్రేతులో హెచ్చరించెను. శతాధిపతి ఆ మాట వినక ఓడ నడుపువానిని, యజమానుని నమ్మెను. అది 276 మందిని మోసిన గొప్ప ఓడయే. అయినను బయలుదేరిన కాలము మంచిది కాకపోవుటచే బ్రద్దలయ్యెను. దేవుని కృపచే ప్రాణములు మాత్రము దక్కెను. స్నేహితులందరు నెక్కుచున్నను, తగని పడవ యెక్కనని చెప్పుటకు సిగ్గుపడకుడు. తీరమున నిలిచినవాడు మరునాడైనను పోవచ్చును.