ప్లేగు కంటే ముందే పుకారు వచ్చింది



ఈ నెల ఎనిమిదో తరగతి సోషల్ క్లాసులో పిల్లలకు ఒక పెళ్లి ఉంగరం గురించి చెప్పాను. బంగారు ఉంగరం, పైన చిన్న గోపురం, దాని మీద హీబ్రూ అక్షరాల్లో ‘మజల్ తోవ్’ అనే మాట. అంటే శుభాకాంక్షలు. దాన్ని దాచినవాళ్లు మళ్లీ తీసుకోలేకపోయారు. దాదాపు 650 ఏళ్లు అది మట్టిలోనే ఉండిపోయింది.

ఆ ఊరి పేరు ఎర్ఫర్ట్, జర్మనీలో ఉంది. మధ్యయుగంలో అది పెద్ద వ్యాపార కేంద్రం. ఊరి నడిబొడ్డున యూదులు, క్రైస్తవులు ఇరుగుపొరుగుగా బతికేవారు. యూదుల ప్రార్థనా మందిరాన్ని సినగాగ్ అంటారు. అక్కడి సినగాగ్‌లో అన్నిటికంటే పాత భాగాలు సుమారు 1094 నాటివి. దగ్గర్లోనే, గెరా నది ఒడ్డున, మిక్వే అనే శుద్ధి స్నానాల కొలను ఉండేది.

1348లో యూరప్‌లో ప్లేగు వ్యాపించింది. అది ఎలా వస్తుందో ఎవరికీ తెలియదు. ‘యూదులు బావుల్లో విషం కలుపుతున్నారట’ అని పుకారు పుట్టింది. ప్లేగుతో యూదులూ చనిపోతున్నారని, యూదులు లేని చోట్లా ప్లేగు ఉందని అప్పటి పోప్ ఆరో క్లెమెంట్ అదే ఏడాది ప్రకటించారు. చాలా ఊళ్లలో ఆ మాట ఎవరూ వినలేదు. 1349 మార్చి 21న ఎర్ఫర్ట్ యూదులపై దాడి చేసి, ఆ సమాజాన్నే తుడిచిపెట్టారు. అప్పటికి ఆ ఊరికి ప్లేగు ఇంకా రానేలేదు!

తర్వాత సినగాగ్ వ్యాపారుల గిడ్డంగి అయింది. శతాబ్దాల తర్వాత హోటల్, డ్యాన్స్ హాల్ కూడా నడిచాయి. అదొక సినగాగ్ అని జనం మరిచిపోయారు. అందుకే నాజీల కంట పడకుండా మిగిలింది. 1998లో దగ్గర్లో తవ్వుతుంటే ఒక నేలమాళిగ గోడ కింద, మన లంకెబిందెల కథల్లో లాగా, నిధి దొరికింది. అందులో 3,141 వెండి నాణేలు, 14 వెండి దిమ్మెలు, నగలు, ఆ ఉంగరం ఉన్నాయి. 2007లో మిక్వే బయటపడింది. సినగాగ్ 2009లో మ్యూజియం అయింది. 2023లో యునెస్కో ఈ కట్టడాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

‘పోప్ చెప్పినా ఎందుకు వినలేదు మేడమ్?’ అని ఒక పాప అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కాసేపటికి ఆ పాపే, ‘భయమేస్తే ఎవరినో ఒకరిని తిట్టాలనిపిస్తుంది కదా’ అంది. ఆ రోజు పాఠం అక్కడే పూర్తయిందనిపించింది.

పరీక్షలో తేదీలు అడుగుతారు, పిల్లలు రాస్తారు. కానీ ‘వాళ్లంతా ఇంతే’ అనే మాట చెవిన పడినప్పుడు ఆగి ఆలోచించడం ఇంట్లో పెద్దవాళ్లను చూసే నేర్చుకుంటారు. అందుకే ఈ నెల ఒక చిన్న హోమ్‌వర్క్, ఈసారి మీకు కూడా. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఒక ఫార్వర్డ్‌ను మీ బాబుతో గానీ పాపతో గానీ కలిసి చదవండి. ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. ఈ మాట మొదట ఎవరు చెప్పారు?
2. వాళ్లకు ఎలా తెలిసింది?
3. ఇది అబద్ధమైతే ఎవరికి నష్టం?

జవాబులు పిల్లల సోషల్ నోట్‌బుక్‌లో రాయించి పంపండి. క్లాసులో అందరం కలిసి మాట్లాడుకుంటాం.

మీ
సోషల్ టీచర్