తుక్కు బండి ఇంజెక్టరు పంచాయతీ ఇంజనుకు పనికివచ్చునా?

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో వేలకొలది విద్యుత్ స్తంభములు నేలకూలినవి. పెక్కు గ్రామములకు దినముల తరబడి కరెంటు లేదు. కరెంటు లేనిచో బోరు పంపు తిరుగదు, వాటర్ ట్యాంకు నిండదు. అట్టి సమయమున డీజిలు జనరేటరు ఉన్న గ్రామము త్రాగునీటికి వెదకుకొననక్కరలేదు, అది తిరిగినచో. సంవత్సరములో పదిదినములు కూడ పనిచేయని ఆ జనరేటరు అవసరమునాడే నల్లని పొగ క్రక్కి, దడదడలాడి నిలిచిపోవుట పంచాయతీ సభ్యులెరుగని సంగతి కాదు. ఇందుకు తరచు కారణమగునది ఇంజెక్టరు. ఇంజను పాతదై, క్రొత్త ఇంజెక్టరు బజారులో దొరకనిచో, మేస్త్రీ చెప్పు ఉపాయము ఒక్కటే: తుక్కు బండినుండి ఒకటి ఊడదీసి తెచ్చి వేయుట. ఆ మాటకు పంచాయతీ సరే అనవచ్చునా, అన్నచో ఏ షరతులపై అనవలెను అనునది ఇచ్చట చర్చింతము.

ముందుగా ఇంజెక్టరు చేయు పనిని తెలిసికొనవలెను. పెట్రోలు ఇంజనులోవలె డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు సాధనము లేదు. సిలిండరులోని గాలిని పిస్టను గట్టిగా అదిమినప్పుడు అది మిక్కిలి వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి డీజిలును సన్నని తుంపరగా చిమ్మినచో తనంతట తానే అంటుకొనును. ఈ చిమ్ము పని ఇంజెక్టరుది. దాని కొనయందలి నాజిల్‌లో ఒక ఉక్కు సూది కలదు. పైనున్న స్ప్రింగు ఆ సూదిని నొక్కి రంధ్రమును మూసియుంచును. పంపునుండి వచ్చు డీజిలు ఒత్తిడి నిర్ణీతమైన మట్టమునకు చేరగానే సూది లేచును, డీజిలు చిమ్మును. ఒత్తిడి తగ్గగానే సూది టక్కున దిగి రంధ్రమును మూయును. నిమిషమునకు 1500 చుట్లు తిరుగు జనరేటరులో ఒక్కొక్క ఇంజెక్టరు ఈ పనిని నిమిషమునకు 750 సార్లు, అనగా గంటకు 45,000 సార్లు చేయుచున్నది.

రుడాల్ఫ్ డీజిల్ 1897లో తన ఇంజనును నడిపి చూపినప్పుడు ఇంధనమును చిమ్ముటకు ప్రత్యేకముగ ఒక గాలి కంప్రెసరు అవసరమైనది. జర్మనీలోని బాష్ సంస్థ 1927లో చిన్నవియు నిక్కచ్చియైనవియునగు ఇంజెక్షను పంపులను విరివిగ తయారుచేయ నారంభించిన పిదప డీజిలు ఇంజను లారీలలోనికిని ట్రాక్టర్లలోనికిని త్వరితముగ వ్యాపించినది. మన దేశమున ఈ సామగ్రిని తయారుచేసిన మైకో సంస్థ 1951లో ఏర్పడినది. 2008లో దాని పేరు బాష్ అని మారినను, పాత నాజిళ్లపై మైకో ముద్ర నేటికిని కన్పట్టును.

ఇక అసలు విషయము. సూదికిని, అది కదలాడు గొట్టమునకును నడుమ ఉండు ఖాళీ మిల్లీమీటరులో వేయింట రెండు మూడు వంతులు మాత్రమే. మన తల వెండ్రుక అంతకు ఇరువది రెట్లయినను లావుండును. ఈ రెండింటిని కర్మాగారమున జంటగా నూరి ఒకదానికొకటి సరిపుచ్చెదరు. కావున ఒక నాజిల్ సూదిని వేరొక నాజిల్ గొట్టములో ఎన్నడును వేయరాదు. తుక్కు దుకాణములలో సూదులన్నియు ఒక డబ్బాలోను, గొట్టములన్నియు వేరొక డబ్బాలోను పోసియుంచుట కద్దు. అచ్చటినుండి సూదిని గాని గొట్టమును గాని కొనుట డబ్బును నూతిలో వేయుటయే. ఇంజెక్టరు విప్పక, ముక్క చెదరక ఉన్నప్పుడే దానికి విలువ.

మా అభిప్రాయము ఇది. ఇంజెక్టరునకు బయటి ఒడలు ఒకటి, లోపలి నాజిల్ ఒకటి. ఒడలు, బిగింపు నట్టు, డీజిలు మరలిపోవు సన్నగొట్టము, ఇవి తుక్కునుండి తెచ్చినను చాలకాలము పనిచేయును. అరుగుదల వీటికి తక్కువ. నాజిల్ మాత్రము అరుగు వస్తువు. వాడుకలోనున్న ఇంజనులకు నాజిల్ ఒక్కటియే విడిగా క్రొత్తది దొరకును. దొరకినచో పాత ఒడలిలో క్రొత్త నాజిల్ వేయుటయే మేలు. తయారీ నిలిచిపోయిన ఇంజనులకు, నాజిల్ ఎచ్చటను దొరకని సందర్భములలో మాత్రమే తుక్కు నాజిల్‌ను గూర్చి యోచింపవలెను.

తుక్కులో ఇంజెక్టరు దొరకుట కష్టము కాదు. సరియైనది దొరకుట కష్టము. నాజిళ్లలో రెండు ముఖ్య తెగలు కలవు. ఒకదానిలో సూదిమొన రంధ్రము గుండ బయటికి పొడుచుకొని వచ్చును. ఇది ప్రక్కనున్న చిన్న గదిలో ఇంధనము మండు ఇంజనులకు తగినది. మహీంద్రా జీపులలో వచ్చిన ప్యూజో డీజిలు ఇంజను ఈ తెగకు చెందినది. రెండవ తెగ నాజిల్‌కు కొనయందు పలు సన్నని రంధ్రములుండును. ట్రాక్టరు ఇంజనులు చాలవరకు ఈ తెగవి. మైకో నాజిళ్లపై మొదటి తెగకు డి.ఎన్. అనియు, రెండవదానికి డి.ఎల్.ఎల్. అనియు అక్షరములు చెక్కియుండును. ఆ ప్రక్కనుండు అంకె డీజిలు విచ్చుకొను కోణము: 150 అని ఉన్నచో 150 డిగ్రీలు. కోణము తేడావచ్చినచో డీజిలు గాలిలో కలియక పిస్టను తలపైనో, సిలిండరు గోడపైనో పడును. కనుక పాత నాజిల్‌పై ఉన్న అక్షరములను అంకెలను ఒక్కటియు విడువక కాగితముపై వ్రాసికొని, అవన్నియు సరిపోయినప్పుడే బేరము మొదలిడవలెను. ఒకే సంస్థవారి ఇంజను ట్రాక్టరులోను జనరేటరులోను ఉండుట కలదు. చెన్నైలోని సింప్సన్ వారి ఇంజనులు ఇట్లు రెండు చోట్లను కానవచ్చును. అట్టిచోటనైనను పేరు చూచి నమ్మరాదు, అంకెలు చూడవలెను.

ఇటీవల తుక్కునకు వచ్చుచున్న కార్ల ఇంజెక్టర్లపై విద్యుత్ తీగల బిరడా ఉండును. ఇవి కామన్ రైల్ అను పద్ధతివి. వేయి వాతావరణములకు మించిన ఒత్తిడిలో, కంప్యూటరు ఆజ్ఞపై తెరచుకొనునవి. చూచుటకు ఎంత మెరయుచున్నను ఇవి మన పాత ఇంజనుకు ఏ విధముగను పనికిరావు.

పంచాయతీ ట్రాక్టరు మాట వచ్చినప్పుడు చట్టమును కూడ గుర్తుంచుకొనవలెను. 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి ప్రభుత్వ వాహనములకు, పంచాయతీల వంటి స్థానిక సంస్థల వాహనములకు 15 సంవత్సరములు నిండిన పిదప రిజిస్ట్రేషను చెల్లదు. అట్టి బండికి ఇంజెక్టర్లు వెదకుట వృథా. ఒకచోట నిలిపియుంచు జనరేటరు ఇంజను వాహనము కాదు గనుక ఈ నిబంధన దానికి తగులదు.

విజయవాడ ఆటోనగర్ వంటి చోటికి మేస్త్రీతోపాటు సభ్యుడొకడు పోవుట మంచిది. ఇంజను అరిగి తుక్కయిన బండికన్న, ప్రమాదమున నుజ్జయిన బండి మేలు. అందలి ఇంజను నిన్నటివరకు నడచియుండవచ్చును. డీజిలు గొట్టములు విప్పి, మూతలు లేక వానలో పడియున్న ఇంజనును ముట్టుకొననక్కరలేదు. నీరు దిగి సూది తుప్పుపట్టియుండును. ఊడదీయుటకు ముందు చుట్టునున్న మట్టిని తుడువవలెను. బయటికి వచ్చిన కొనను వెలుతురున చూడవలెను. పొడిగా, సమముగా మసిపట్టియున్నచో ఆశ కలదు. తడిగా, జిడ్డుగా ఉన్నచో కారుచున్నదని అర్థము. కొన నీలిరంగు తిరిగియున్నచో అది అతిగా కాలి, ఉక్కు పదును పోయినది. ఉచితముగ ఇచ్చినను వలదు. బిల్లు తప్పక తీసికొనవలెను. దొంగ బండ్లు కూడ తుక్కు దుకాణములకు చేరుచున్నవని మరువరాదు.

పరీక్ష చేయించక డబ్బు చెల్లింపరాదు. డీజిలు పంపులను బాగుచేయు షాపులలో చేతి పంపు, ఒత్తిడి గడియారము గల పరీక్షాయంత్రము ఉండును. నాజిల్‌ను విప్పి శుభ్రమైన డీజిలులో కడిగి, సూదిని మూడవవంతు పైకి లాగి విడిచినచో అది తన బరువుతో మెల్లగా, ఆగక జారవలెను. పట్టి ఆగినచో మలినమో తుప్పో ఉన్నది. దభాలున పడినచో అరిగినది. పిదప ఇంజెక్టరును యంత్రమునకు తగిలించి, ఎంత ఒత్తిడికి తెరచుకొనుచున్నదో చూచెదరు. ఈ అంకె ఇంజను పుస్తకములో ఉండును. తక్కువైనచో స్ప్రింగు సడలినదన్నమాట. మర ద్వారా గాని, సన్నని బిళ్లలు వేసి గాని సరిచేయవచ్చును. తెరచుకొను ఒత్తిడికి కొంచెము తక్కువగా పది సెకండ్లు నిలిపినప్పుడు కొననుండి ఒక్క బొట్టును రాలరాదు. ఈ ఒక్క పరీక్షలో తప్పినను ఆ ఇంజెక్టరును వదలుకొనవలెను. కారు ఇంజెక్టరు సిలిండరు గోడపై నూనెను కడిగివేయును, క్రిందనున్న ఇంజను ఆయిలును పలుచన చేయును, తుదకు పిస్టను తలకు కన్నము పెట్టును. ఇంజెక్టరులో మిగిల్చిన వందలు పిస్టనులో వేలగును.

ఇచ్చట ప్రాణములకు సంబంధించిన ఒక హెచ్చరిక. చిమ్ము ధారకు అడ్డముగ చేయి పెట్టరాదు. అనేక మేస్త్రీలు ధార చక్కగ వచ్చుచున్నదా అని వ్రేలితో చూచెదరు. రెండువందల వాతావరణముల ఒత్తిడిలో వచ్చు డీజిలు చర్మమును సూదివలె దూసికొని లోనికి పోవును. పైకి చిన్న చుక్క మాత్రమే కనబడును, మొదట నొప్పి కూడ అంతగా ఉండదు. లోపల మాంసము చెడుచుండును. కొలది గంటలలో శస్త్రచికిత్స జరుగనిచో వ్రేలిని, ఒక్కొక్కప్పుడు చేతిని తీసివేయవలసి వచ్చును. పసుపు రాసి కట్టుకట్టి ఇంటికి పంపరాదు. శస్త్రవైద్యుడున్న ఆసుపత్రికి వెంటనే కొనిపోయి, ఒత్తిడితో డీజిలు లోనికి దూరినదని స్పష్టముగ చెప్పవలెను.

బిగించునప్పుడు క్రింద ఒకే ఒక రాగి వాషరు, క్రొత్తది, ఉండవలెను. పాత వాషరు గుంటలో అంటుకొని మిగిలిపోవుటయు, దానిపై వేరొకటి వేయుటయు సాధారణముగ జరుగు పొరపాటు. అప్పుడు నాజిల్ కొన ఉండవలసిన లోతున ఉండదు. కొనను శుభ్రపరచుటకు ఇత్తడి బ్రష్షు వాడవలెను గాని గరుకు కాగితము తగిలింపరాదు. మూడు నాలుగు సిలిండర్ల ఇంజనులో అన్ని ఇంజెక్టర్లును ఒకే ఒత్తిడికి తెరచుకొనునట్లు సరిచేయింపవలెను. ఒకటి మాత్రమే మార్చి తక్కినవానిని చూడకుండుట అరకాడి పని.

ఫిల్టరు మార్చక ఇంజెక్టరు మార్చినచో ఆ మలినమే క్రొత్తదానిని కూడ తినును. ట్యాంకు అడుగున చేరిన నీటిని వదలి, ఫిల్టరు మార్చి, గాలి తీసిన పిమ్మట ఇంజనును అరగంటసేపు పంపు లోడుతో నడిపి చూడవలెను. పొగ రంగును, ఆ నాటి తేదీని, నాజిల్‌పై అంకెలను, షాపువారు చూపిన ఒత్తిడిని జనరేటరు రిజిస్టరులో వ్రాయించి, మేస్త్రీచేతను, వెంట వెళ్లిన సభ్యునిచేతను సంతకములు చేయింపవలెను. ఊడదీసిన పాత ఇంజెక్టరు ఒడలిని పారవేయక, రెండు కొనలకు మూతలు పెట్టి, నూనెగుడ్డలో చుట్టి పంచాయతీ బీరువాలో ఉంచవలెను.