చప్పుడు ఎప్పుడొస్తోంది?

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వర్క్‌షాపులో ట్రైనీగా చేరావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం తల్లీ. ఇంజన్‌లో టికటిక వస్తే ఏమిటి, దబదబ కొడితే ఏమిటి అని అడిగావు. ఫోనులో తేలే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను.

బండి రాగానే చాలామంది బానెట్ ఎత్తి చప్పుడు ఎక్కడా అని వెతుకుతారు. ఇంజన్ అంతా లోహమే. ఒక మూల పుట్టిన చప్పుడు మరో మూల వినపడుతుంది. నువ్వు ముందు ఆయిల్ గేజ్ తీసి మట్టం చూడు. తర్వాత ఓనరును ‘ఎప్పుడొస్తోందండీ?’ అని అడుగు. పొద్దున మొదటి స్టార్టింగ్‌లోనా, వేడెక్కాకా? ఖాళీగా రేస్ ఇస్తే వస్తోందా, ఎత్తు ఎక్కేటప్పుడేనా? యాక్సిలరేటర్ వదిలితే మారుతోందా? వీటికి జవాబు దొరికితే సగం పని అయినట్టే.

సన్నని టికటిక ఎక్కువగా పైభాగానిది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్ట్ ఒక్క చుట్టే తిరుగుతుంది. ఐడ్లింగ్ 800 మీద ఉంటే, గ్యాప్ పెరిగిన ఒక్క టాపెట్ నిమిషానికి 400 సార్లే కొడుతుంది. ఇంజన్ వేగానికి చప్పుడు నిదానంగా ఉందనిపిస్తే ముందు టాపెట్ కవరు వైపు చూడు. కొన్ని ఇంజన్లకు ఫీలర్ గేజితో గ్యాప్ సెట్ చేస్తాం, కొన్నింటికి షిమ్ములు మారుస్తాం. ఆయిల్‌తో నిండే హైడ్రాలిక్ టాపెట్లయితే, రాత్రంతా నిలిచిన బండి స్టార్ట్ కాగానే కొన్ని సెకన్లు టికటికమని ఆగిపోవచ్చు. దానికి హెడ్డు విప్పనక్కర్లేదు. వేడెక్కాక కూడా ఆగకపోతే ఆయిల్ ప్రెషర్ కొలవాలి.

పెట్రోల్ ఇంజెక్టర్లు కూడా టికటికమంటాయి. అది వాటి పని చప్పుడే. ఆ మాట ఓనరుకు చెప్పి పంపెయ్యి, బిల్లు రాయకు. ఇంకొకటుంది, చాలామందిని బోల్తా కొట్టించేది: ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ప్యాకింగ్ లీకు. చల్లగా ఉన్నప్పుడు అచ్చం టాపెట్ లాగే కొడుతుంది, లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకోగానే మాయమవుతుంది. టాపెట్లు సెట్ చేయించినా పోలేదని ఎవరైనా అంటే ఆ ప్యాకింగ్ అంచున నల్లటి మసి ఉందేమో చూడు.

చోటు పట్టుకోవడానికి పొడుగాటి స్క్రూడ్రైవర్ చాలు. పిడి చెవికి ఆనించి, మొన టాపెట్ కవరు మీద, బ్లాకు మీద, కింద ఆయిల్ ఛాంబర్ మీద పెట్టి విను. కానీ జడ ముడివేసుకో, చున్నీ తీసి పక్కన పెట్టు. ఎలక్ట్రిక్ ఫ్యాను ఎప్పుడు తిరగడం మొదలుపెడుతుందో దానికే తెలియాలి. ఈ ఒక్క విషయంలో నా మాట జవదాటకు.

ఇక లోతుగా వచ్చే దబదబ. చల్లగా ఉన్నప్పుడు బోలుగా కొట్టి, వేడెక్కేకొద్దీ తగ్గితే అది పిస్టన్ బోరులో ఊగుతున్న చప్పుడు. బోరు అరిగిందన్నమాట, అయినా కొంతకాలం నడుస్తుంది. దీనికి భిన్నంగా, వేడెక్కి ఆయిల్ పలచబడేకొద్దీ పెరుగుతూ, లోడు పడితే బిగ్గరగా కొడుతూ, రేస్ వదిలిన క్షణంలో గలగలమంటే కనెక్టింగ్ రాడ్ బేరింగ్‌ను అనుమానించు. పెట్రోల్ ఇంజన్ అయితే ఒక్కో సిలిండర్ కాయిల్, ఇంజెక్టర్ కనెక్టర్లు రెండూ తీసి విను. కాయిల్ ఒక్కటే తీస్తే కాలని పెట్రోల్ వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. ఏ సిలిండర్ ఆపితే చప్పుడు మెత్తబడిందో రాడ్ అక్కడిది. ఏది ఆపినా పెద్దగా తేడా లేకపోతే మెయిన్ బేరింగుల సంగతి ఆలోచించు.

డీజిల్‌లో పాత పంపు ఇంజన్లకు పైపు నట్టు వదులు చేసి ఇదే పరీక్ష చేసేవాళ్లం. కామన్ రైల్ ఇంజన్ మీద ఆ పని కలలో కూడా చెయ్యకు. అందులో ప్రెషర్ వెయ్యి బార్లు దాటుతుంది, సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. స్కానర్‌తో సిలిండర్ కట్ చెయ్యాలి.

బేరింగులు చూడటానికి ఆయిల్ ఛాంబర్ దించే ముందు, బయటి డ్రైవ్ బెల్టు తీసి కొద్ది సెకన్లు మాత్రం నడిపి చూడు, ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్ల నిజం బయటపడుతుంది. ఆటోమేటిక్ బండి అయితే ఫ్లెక్స్ ప్లేటు పగిలిందేమో కూడా చూడు, అది రాడ్ చప్పుడును అచ్చుగుద్దినట్టు పలుకుతుంది. ఆయిల్ దించినప్పుడు మెరిసే పొడి ఉంటే అయస్కాంతం పెట్టు. అంటుకుంటే ఇనుము. అంటుకోకపోతే బేరింగ్ లోహం కావచ్చు. ఫిల్టర్ కోసి మడతల్లో కూడా వెతుకు.

తిరుమల ఘాట్ ఎక్కుతూ టాప్ గేరులోనే యాక్సిలరేటర్ తొక్కితే గులకరాళ్లు రాలినట్టు వినిపించే నాకింగ్ వేరు. మంట అదుపు తప్పి కాలడం వల్ల వచ్చేది. ముందు గేరు తగ్గించమను. ఆ తర్వాత పెట్రోల్, ఇంజన్ వేడి, కార్బన్, టైమింగ్ చూడు.

చిక్కటి ఆయిల్ పోసి, డబ్బా మందు కలిపి చప్పుడు అణిచి బండి అమ్మేవాళ్లున్నారు. అది ద్రోహం. అలాంటి పని ఎవరు చెప్పినా చెయ్యకు.

రాడ్ బేరింగ్ అని తేలాక ‘ఇంటిదాకా మెల్లగా నడుపుకుంటాను’ అని ఓనరు బతిమాలుతాడు. ఒప్పుకోకు తల్లీ. ఇప్పుడైతే బేరింగ్ షెల్స్‌తో, మహా అయితే క్రాంకు గ్రైండింగ్‌తో సరిపోవచ్చు. రాడ్ విరిగి బ్లాకును చీల్చుకుని బయటికొస్తే ఇంజనే మార్చాలి. అతన్ని కూర్చోబెట్టి వివరంగా చెప్పి, టోయింగ్ బండి పిలిపించు.

మీ మామయ్య