గాలిలోని విషము: దాని ప్రమాదమును లెక్క కట్టు విధము



నూలు కొనునప్పుడు మనము కౌంటు ఎంత, పురి ఎట్లున్నది, చిలప బరువు సరిపోయినదా అని చూతుము. "చూపుకు బాగున్నది" అని ఎవ్వరును డబ్బు లెక్కపెట్టి ఇవ్వరు. కాని మనము రాత్రింబగళ్ళు పీల్చు గాలి విషయములో మాత్రము అట్టి పరీక్ష చేయము. ఫ్యాక్టరీ వైపునుండి ఘాటు వచ్చినచో కొందరు "ఇక మన పని అయినది" అని బెదరుదురు. మరికొందరు "పుట్టినప్పటినుండి పీల్చుచున్నదే గదా" అని ఊరకుందురు. ఈ రెండును లెక్కలు కావు. గాలివలన కలుగు ప్రమాదమును అంచనా కట్టుటకు ఒక పద్ధతి యున్నది. చదువు కొద్దిగా ఉన్నవారును దానిని నేర్చుకొనవచ్చును. ఆ పద్ధతిని ఈ పాఠములో చెప్పుచున్నాను.

1. విషము వేరు, ప్రమాదము వేరు

అద్దకపు ఇంట మూత బిగించిన డబ్బాలో కాస్టిక్ సోడా యున్నది. అది చర్మమును కాల్చు పదార్థము. ఆ గుణము దానికి ఎప్పుడును ఉండును. కాని మూత తీయనంతవరకు ఎవరికిని హాని లేదు. మూత తీసి, చేతికి తొడుగు లేక, పసిపిల్లను పక్కన కూర్చుండబెట్టుకొని పని చేసిననాడు ప్రమాదము మొదలగును. కనుక పదార్థము యొక్క చెడు గుణమొకటి, అది మన ఒంటికి తగులుట మరియొకటి. రెండును కలిసినప్పుడే ప్రమాదము.

అందుచేత గాలి విషయములో ఐదు ప్రశ్నలు అడుగవలెను.

ఒకటి: ఆ పదార్థమేది?
రెండు: గాలిలో ఎంత ఉన్నది?
మూడు: ఎన్ని గంటలు, ఎన్ని దినములు పీల్చుచున్నాము?
నాలుగు: పీల్చువారెవరు?
ఐదు: ఏ దారిన వచ్చుచున్నది? గాలిలో మాత్రమేనా, నీటిలోను, తిండిలోను కూడనా?

ఈ ఐదింటిలో ఏ ఒక్కటి విడిచినను లెక్క తప్పును.

2. ముక్కు త్రాసు కాదు

వాసన ఎక్కువైన చోట విషమెక్కువ అనుకొందుము. ఇది నిజము కాదు. పాదరసపు ఆవిరికి వాసన లేదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తడి నూలు ఆరబెట్టినప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడ్ వాయువునకు వాసన లేదు, రంగు లేదు. అయినను అది ప్రాణము తీయగలదు. మురుగు గుంటలలో పుట్టు కుళ్ళిన గుడ్ల వాసనగల హైడ్రోజన్ సల్ఫైడ్ మరియొక తీరు. అది కొంచెముగా ఉన్నప్పుడు వాసన తెలియును. మిక్కుటమైనప్పుడు ముక్కు మొద్దుబారి వాసనే తెలియకపోవును. "వాసన పోయినది, ఇక భయము లేదు" అనుకొన్నవాడు ఆ గుంటలోనే పడిపోవును.

పొగ నలుపు కూడ కొలత కాదు. కంటికి కనబడు మసి చాలవరకు ముక్కులోను, గొంతులోను ఆగును. ఊపిరితిత్తుల అడుగు వరకు పోవునది వెండ్రుక మందములో ఇరువదవ వంతుకన్నను సన్నని ధూళి. దానిని పి.ఎం. 2.5 అందురు. చెరకు పిప్పి కాల్చినను, వంటచెరకు కాల్చినను, లారీ పొగలోనైనను ఈ ధూళి పుట్టును. అస్కా పంతొమ్మిదవ శతాబ్దమునుండి చక్కెర పరిశ్రమకు పేరుపడ్డ ఊరు గనుక పిప్పి పొగ మనకు క్రొత్త కాదు. అయితే అలవాటు పడినది ముక్కే గాని ఊపిరితిత్తి కాదు.

3. వెంకటాపురము చెప్పిన పాఠము

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణము దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురములో ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ నుండి స్టైరీన్ ఆవిరి వెలువడినది. స్టైరీన్ ప్లాస్టిక్ తయారీకి వాడు ద్రవము. దానిని చల్లగా ఉంచి, తనలో తాను గడ్డకట్టకుండ ఆపు మందు కలిపి నిలువ చేయవలెను. లాక్‌డౌన్ కాలములో ఫ్యాక్టరీ పని నిలిచియుండగా ట్యాంకు పై భాగము వేడెక్కినది. ఉష్ణము కొలుచు సాధనము ట్యాంకు అడుగున మాత్రమే యుండుటచే పైని వేడి తెలియలేదు. పన్నెండుగురు మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. పశువులు చచ్చినవి, చెట్ల ఆకులు మాడినవి. రాష్ట్ర ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము 2020 జూలైలో నివేదిక ఇచ్చుచు, ఫ్యాక్టరీలో 36 చోట్ల సైరను మీట లున్నను ఊరిని హెచ్చరించుటకు సైరను మ్రోగలేదని చెప్పినది.

ఈ సంగతిని మన ఐదు ప్రశ్నలతో చూడుడు. పదార్థము స్టైరీన్. పని స్థలములో 8 గంటల సగటుకు పది లక్షల భాగముల గాలిలో 50 భాగములు అని 1987 సవరణ తరువాత ఫ్యాక్టరీల చట్టపు షెడ్యూలులో హద్దు చూపబడినది. ఆ రాత్రి ఊరిలోనికి వచ్చినది అట్టి కొలతలకు లోబడినది కాదు. స్టైరీన్ ఆవిరి గాలికన్న సుమారు మూడున్నర రెట్లు బరువు గనుక నేలబారున ప్రాకినది. పీల్చినవారు నిద్రలో ఉన్న పిల్లలు, వృద్ధులు, స్త్రీలు. వారికి ముందుగా ఒక్క మాట చెప్పినవారు లేరు.

మరియొక సంగతి. కాన్సరుపై పరిశోధించు అంతర్జాతీయ సంస్థ 2018లో స్టైరీన్‌ను "బహుశా కాన్సరు కలిగించును" అను తరగతిలో చేర్చినది. అనగా ఒకే పదార్థమునకు రెండు పద్దులు వ్రాయవలెను. ఒక్క రాత్రి మిక్కుటముగా పీల్చినచో వచ్చు హాని ఒక పద్దు. కొద్దికొద్దిగా ఏండ్ల తరబడి పీల్చినచో వచ్చు హాని రెండవ పద్దు. ఒక పద్దులో సున్న ఉన్నదని రెండవదానిలో సున్న వేయరాదు.

4. మన గంజాము సంగతి

దూరపు మాట చాలు, మన జిల్లాకు వత్తము. ఋషికుల్య సముద్రమున కలియు చోట, గంజాము పట్టణము వద్ద, 1967లో కాస్టిక్ సోడా, క్లోరిన్ తయారుచేయు ఫ్యాక్టరీ వెలసినది. మన అద్దకములో వాట్ రంగులు కరగించుటకు కాస్టిక్ సోడా లేనిదే జరుగదు గనుక ఈ పరిశ్రమ మనకు పరాయిది కాదు. ఉప్పునీటిలో విద్యుత్తు పంపినచో ఒక ప్రక్క క్లోరిన్, మరియొక ప్రక్క కాస్టిక్ వచ్చును. ఆ రోజులలో ఇందుకు పాదరసము వాడెడివారు. పాదరసము మామూలు వేడికే ఆవిరియగును. కొంత గాలిలోనికి, కొంత నీటిలోనికి పోవును.

బరంపురము విశ్వవిద్యాలయ పరిశోధకులు 1980 దశకములో ఆ ఫ్యాక్టరీ పరిసరములలోని నీటిని, మట్టిని, మొక్కలను, చేపలను పరీక్షించి పాదరసము ఉన్నదని ప్రకటించిరి. ఐదవ ప్రశ్న ఎందుకు అడుగవలెనో ఇచ్చట తెలియును. గాలి మాత్రమే కొలిచి "తక్కువే యున్నది" అన్నవాడు చేపలోనిది విడిచినాడు. నీటి అడుగు బురదలో పాదరసము మరింత చెడ్డ రూపము దాల్చి చేపలలో పేరుకొనును. జపానులోని మినమాటాలో 1956లో బయటపడిన వ్యాధి ఇట్టిదే. పాదరసపు ఆవిరి ఎక్కువకాలము పీల్చినవారికి చేతులు వణకును, చిగుళ్ళు చెడును, జ్ఞాపకము తగ్గును. వణకు చేతితో తెగిన పోగు ముడివేయు టెట్లో నేతగాడే చెప్పవలెను!

తరువాత మన దేశములోని కాస్టిక్ ఫ్యాక్టరీలు పాదరసము మాని మెంబ్రేన్ పద్ధతికి మారినవి. ఇది మేలైన మార్పు. అయితే ఏ పద్ధతిలోనైనను క్లోరిన్ పుట్టక తప్పదు. అది గాలికన్న రెండున్నర రెట్లు బరువు. ఒక విషము పోయినదని లెక్క పుస్తకము మూయరాదు. ఉన్నదాని పద్దు తెరువవలెను.

5. "హద్దులోనే యున్నది" అన్న మాట

ఈ పాఠములో ముఖ్యమైనది ఇదియే. ఫిర్యాదు చేయబోయినవారికి "అంతయు హద్దులోనే యున్నది" అను సమాధానము తరచుగా వచ్చును. అప్పుడు కోపింపక, "ఆ హద్దు ఎవరికి? ఎన్ని గంటలకు?" అని అడుగవలెను.

ఫ్యాక్టరీ లోపలి హద్దు ఆరోగ్యముగల పెద్దవానికి, దినమునకు 8 గంటల పనికి, మిగిలిన గంటలు వేరుచోట మంచి గాలి పీల్చునను నమ్మకముతో నిర్ణయించినది. వారమునకు 48 గంటలు పని. నేతగాని సంగతి అది కాదు. మన ఇల్లే మన కార్ఖానా. మగ్గము, రాట్నము, పొయ్యి, ఊయెల ఒకే కప్పు క్రింద నుండును. భర్త నేయుచుండ భార్య కండెలు చుట్టును, ముసలితల్లి ప్రక్కనే పండుకొనును. వారమునకు 168 గంటలు అదే గాలి. 168ని 48చే భాగింపుడు: మూడున్నర రెట్లు. అందులోను పసిబిడ్డ తన బరువును బట్టి చూచినచో పెద్దవానికన్న సుమారు రెట్టింపు గాలి పీల్చును. కనుక ఫ్యాక్టరీ లోపలి హద్దును తెచ్చి నేతగాని ఇంటికి పెట్టుట, పెద్దవాని చొక్కా కొలతతో పసిబిడ్డకు అంగీ కుట్టుట వంటిది.

ఊరి గాలికి వేరు హద్దు లున్నవి. మన దేశములో 2009లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము సన్నధూళి ఘనమీటరు గాలికి సంవత్సరపు సగటున 40 మైక్రోగ్రాములు, ఒక దినమునకు 60 మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సంవత్సరమునకు 5, దినమునకు 15 అని సూచించినది. ఒకే ధూళికి ఒకచోట 40, మరియొకచోట 5! హద్దు అనునది విషము ఆగిపోవు గోడ కాదని, మనుష్యులు ఆలోచించి గీసిన గీత అని దీనివలన గ్రహింపవలెను. గీతకు లోపల ఉన్నను తక్కువైనకొలది మేలు.

న్యాయముగా మన పద్దు కూడ వ్రాసికొనవలెను. కట్టెల పొయ్యి పొగ, బీడీ పొగ, హైడ్రోస్ తడిసినప్పుడు వచ్చు గంధకపు ఘాటు మన ఇంటిలో పుట్టినవే. వీనిని ఫ్యాక్టరీ ఖాతాలో వేసినచో మన మాటకు విలువ పోవును. అద్దకము ఆరుబయట చేయుట, పొయ్యిని మగ్గపు గదికి దూరముగా నుంచుట మన చేతిలోని పని.

6. సంఘము చేయవలసినది

ప్రతి సంఘములో ఒక రిజిష్టరు తెరువవలెను. తేది, వేళ, గాలి ఏ దిక్కునుండి వీచినది, ఎట్టి వాసన, ఎంతసేపు, ఎవరికి ఏమి బాధ కలిగినది, వారి వయస్సు, ఆసుపత్రి చీటీ ఉన్నదా లేదా: ఇవి చాలును. దిక్కు వ్రాయుట మరువరాదు. దగ్గు వచ్చిన దినములన్నియు ఒకే దిక్కు గాలి దినములైనచో అది గట్టి ఆధారము. అన్ని దిక్కుల గాలికిని దగ్గు ఉన్నచో కారణమును ఇంటిలోనో, జ్వరములోనో వెదుకవలెను. జబ్బులేని దినములు కూడ వ్రాయవలెను. లేనిచో పోల్చుటకు వీలుండదు.

మూడు నెలల రిజిష్టరుతో బరంపురములోని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయమునకు అర్జీ పెట్టి గాలి కొలత కోరవచ్చును. ఫ్యాక్టరీలో ఏ పదార్థములు నిలువయున్నవో 2005 సమాచార హక్కు చట్టము క్రింద అధికారులను అడుగవచ్చును. అపాయకర రసాయనములపై 1989లో చేసిన నిబంధనలు పెద్ద నిలువలుగల ఫ్యాక్టరీల చుట్టుపట్ల ప్రజలకు ప్రమాద సమయములో ఏమి చేయవలెనో ముందుగా తెలుపవలెనని చెప్పుచున్నవి. ఇది యాచన కాదు, మన హక్కు.

7. గ్యాసు వచ్చిన వేళ

బరువైన వాయువు పల్లమునకు దిగును. మన గుంట మగ్గము ఇంటిలోకెల్ల పల్లము. కావున ఘాటు తగిలిన తక్షణమే గుంటలోనివారు పైకి రావలెను. పోగు తెగినను, పన్నె చెదరినను చూడరాదు. ముక్కుకు నోటికి తడిగుడ్డ పట్టుకొని, గాలి వీచు దారికి అడ్డముగా ప్రక్కకు పోయి, అటుపిమ్మట మెరక నేలకు చేరవలెను. వాయువుతోపాటు అది పోవు దిక్కునకే పరుగెత్తరాదు. పిల్లలను నేలపై నడిపింపక ఎత్తుకొనవలెను. ప్రతి వీధిలో ముసలివారిని, నడువలేనివారిని ఎవరు తీసికొనిపోవలెనో ఈనాడే పేర్లు వ్రాసి గోడకు అంటింపుడు.

ఇంట చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఇంటికి రెండు మైళ్ళలోపల ఏయే పొగగొట్టము లున్నవి? వానిలో ఏమి కాల్చుదురు?
2. ఏయే నెలలలో గాలి వాని వైపునుండి మన వైపునకు వీచును?
3. మన ఇంటిలో దినమునకు 24 గంటలును ఉండువారెందరు? వారి వయస్సు లెంత?
4. రాత్రి రెండు గంటలకు గ్యాసు వచ్చినచో మొదట ఎవరిని లేపవలెను?

సభ్యులు ఈ ప్రశ్నలకు జవాబులు వ్రాసి రాబోవు సర్వసభ్య సమావేశమునకు తీసికొనిరాగోరుచున్నాను. ఆనాడు రిజిష్టరు ప్రారంభింపబడును.

— కార్యదర్శి, చేనేత సహకార సంఘము, అస్కా