ఆరోగ్య పాస్‌బుక్కు: తాళంచెవి సభ్యుని దగ్గరే ఉండాలి

పాడి పశువు చెవికి పసుపుపచ్చ బిళ్ళ వేసి, 12 అంకెల నంబరు ఇచ్చి, గాలికుంటు టీకా ఎప్పుడు వేశారు, ఎద సూది ఎప్పుడు చేశారు, ఎప్పుడు ఈనింది అన్న వివరాలు కంప్యూటరులో ఎక్కించే పద్ధతి మన సభ్యులకు తెలిసినదే. పశువైద్యుడు వచ్చి ఆ నంబరు కొట్టి చూస్తే, నమోదు చేసినంతవరకు గేదె చరిత్ర కనిపిస్తుంది. అదే గేదె యజమానిని గత సంవత్సరం ఏ మందులు వాడావు, రక్తపరీక్షలో ఎంత వచ్చింది అని డాక్టరు అడిగితే, ఇంటికి పోయి దూలానికి వేలాడదీసిన ప్లాస్టిక్ సంచి వెదకవలసి వస్తున్నది. సంచి దొరికినా అందులో సగం కాగితాలు పక్కింటివారివో, పాత కరెంటు బిల్లులో అయి ఉంటాయి.

మనిషికి కూడా ఇటువంటి నంబరు ఒకటి వచ్చినది. దాని పేరు ఆభా, అనగా ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్. ఇది 14 అంకెల నంబరు. 2020 ఆగస్టు 15న ఆరు కేంద్రపాలిత ప్రాంతాలలో ప్రయోగంగా మొదలై, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ విస్తరించినది. మొదట్లో దీనిని హెల్త్ ఐడి అనేవారు. ఆధార్ ద్వారా గాని, డ్రైవింగ్ లైసెన్సు ద్వారా గాని ఉచితంగా తీసుకోవచ్చును. ఫోనులో వాడుకొనుటకు ఆభా యాప్ ఉన్నది. ఈ నంబరుతోనే పనిచేసే ప్రైవేటు కంపెనీల యాప్‌లు కూడా కొన్ని ఉన్నవి. తీసుకోవడం సభ్యుని ఇష్టం. వద్దనుకున్న తరువాత రద్దు చేసుకొనే వీలు కూడా కలదు. ఆభా లేదన్న కారణంతో వైద్యం నిరాకరించకూడదన్నది ప్రభుత్వ విధానమే.

సంఘాలలో దీనిని గురించి అడిగినపుడు రెండు పొరపాటు అభిప్రాయాలు తరచుగా వినిపిస్తున్నవి. ఇది ఆసుపత్రి ఖర్చు భరించే కార్డు అన్నది మొదటిది. కాదు. ఖర్చు భరించేది ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుండి దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ), అర్హత గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స ఇచ్చే 2018 నాటి ఆయుష్మాన్ భారత్ పథకం. ఆభా ఒక్క పైసా చెల్లించదు. అది కాగితాల ఖాతా మాత్రమే. ఈ తేడా తెలియక ఆపరేషను రోజున ఆభా కార్డు పట్టుకొని వెళ్ళి చిన్నబుచ్చుకొని వచ్చినవారు ఉన్నారు.

నంబరు తీసుకుంటే మన వైద్య వివరాలన్నీ వాటంతట అవే అందులోకి వస్తాయన్నది రెండవది. సంఘంలో సభ్యత్వ నంబరు ఇచ్చినంత మాత్రాన పాస్‌బుక్కులో పాలు పడతాయా? కేంద్రానికి తెచ్చి పోయాలి, కొలవాలి, వెన్న శాతం చూడాలి, గుమాస్తా రాయాలి. ఇక్కడా అంతే. చూపించుకున్న ఆసుపత్రి ఈ విధానంలో చేరి ఉండి, మన నంబరుకు రిపోర్టును జత చేస్తేనే అది యాప్‌లో కనిపిస్తుంది. చేరని ఆసుపత్రి కాగితాలను మనమే ఫోటో తీసి ఎక్కించుకోవాలి.

పెద్దాసుపత్రులలో ఓపీ కౌంటరు వద్ద గోడకు అంటించిన నలుపు తెలుపు గడుల బొమ్మను, అనగా క్యూఆర్ కోడును, యాప్‌తో స్కాను చేస్తే టోకెను నంబరు వస్తుంది. క్యూ తగ్గుతుంది. అప్పుడు ఆసుపత్రికి వెళ్ళేవి పేరు, వయసు, చిరునామా, ఫోను నంబరు వంటి వివరాలే గాని మన జబ్బుల చరిత్ర కాదు. ఇది తెలియక కొందరు భయపడుతున్నారు, అందుకే వ్రాస్తున్నాను.

రికార్డు ఎక్కడ ఉంటుంది?

మన కాగితాలన్నీ ఢిల్లీలో ఒకే బీరువాలో పెట్టరు. ఏ ఆసుపత్రి చేసిన పరీక్ష ఆ ఆసుపత్రి వద్దనే ఉంటుంది. మన ఫెడరేషనులో సంఘం లెడ్జరు సంఘంలోనే ఉంటుంది గదా, అట్లాగే. వేరొక ఆసుపత్రి డాక్టరు దానిని చూడదలచినపుడు ఒక అభ్యర్థన పంపుతాడు. ఆ అభ్యర్థన మన యాప్‌లోకి వస్తుంది. ఎవరు అడుగుతున్నారు, ఏ కాగితాలు, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు ఉన్నవి, ఏ పనికి, ఎంతకాలం చూడనివ్వాలి అన్నవి అందులో ఉంటాయి. మనం అంగీకరించవచ్చు, తిరస్కరించవచ్చు, కాలపరిమితి తగ్గించవచ్చు, కొన్ని కాగితాలకే ఒప్పుకోవచ్చు. ఇచ్చిన అనుమతిని తరువాత వెనక్కి తీసుకోవచ్చు. అయితే అప్పటికే చూసినవాడి కంటిలో నుండి దానిని తీసివేయలేము. అందుచేత వెనక్కి తీసుకునే హక్కు కంటే ముందుగా చదివి ఒప్పుకోవడం ముఖ్యం.

మోకాళ్ళ నొప్పికి వెళ్ళినవాడి దగ్గర పది సంవత్సరాల కాగితాలన్నీ అడిగితే ఎందుకని అడగడంలో తప్పు లేదు. డాక్టరు నొచ్చుకోడు. నొచ్చుకున్నా ఫరవాలేదు.

ఈ అనుమతులకు, ఖాతా తెరవడానికి ఫోనుకు వచ్చే ఓటీపీయే ఆధారం. మన పెద్దలు షావుకారు దగ్గర ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేసి ఏమి పోగొట్టుకున్నారో చెప్పనవసరం లేదు. సహకార సంఘాలు పుట్టిన కారణాలలో అది ఒకటి. ఓటీపీ చెప్పడమంటే ఆ వేలిముద్రే. ఆసుపత్రి నుండి అని, ఇన్సూరెన్సు నుండి అని, కార్డు రద్దవుతుందని చెప్పి ఫోను చేసినవారికి ఇవ్వరాదు. మోసపోయినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను.

మంచి ఉద్దేశంతో వచ్చిన చిక్కు

ఇటీవల ఒక సంఘంలో లెక్కలు తనిఖీ చేస్తుండగా తెలిసిన విషయం ఇది. ఊరు పేరు అవసరం లేదు. అక్కడి కార్యదర్శి చురుకైనవాడు, సభ్యులకు సాయపడేవాడు. ఫోను వాడటం చేతగాని అయిదుగురు సభ్యులకు తానే దగ్గరుండి ఆభా తీయించాడు. వారి ఆధార్‌కు వచ్చిన ఓటీపీలు అడిగి తీసుకున్నాడు. తరువాత సమాచారం రావలసిన ఫోను నంబరు అడిగినచోట, వారికి తెలియదని తన నంబరు వేశాడు. లాగిన్ వివరాలు పాల లెడ్జరు చివరి పేజీలో వ్రాసి పెట్టాడు.

కొన్నాళ్ళకు వారిలో ఒక సభ్యురాలు పట్నంలో స్కానింగు తీయించుకున్నది. రిపోర్టు వచ్చినట్లు సమాచారం కార్యదర్శి ఫోనులో పడింది. అది సాయంత్రం పాలు పోసే వేళ. ఫోను టెస్టింగు బల్ల మీద ఉన్నది. క్యూలో ముందున్నవారు చదివారు. వారం రోజులు ఆమె కేంద్రానికి రాలేదు. పాలు కూతురి చేత పంపింది. కార్యదర్శికి మాత్రం తాను చేసిన తప్పేమిటో నేను చెప్పేవరకు తెలియలేదు. "నేనెవరికీ చెప్పలేదండీ" అన్నాడు. నిజమే, అతడు ఎవరికీ చెప్పలేదు.

తనిఖీ నివేదికలో ఈ అంశానికి గడి లేదు. అయినా రిమార్కుల కింద వ్రాశాను. ఆ అయిదుగురి ఖాతాలలో ఫోను నంబర్లు మార్పించి, లెడ్జరు చివరి పేజీని పాలకవర్గం ఎదుట చింపించాను. సభ్యుని పాలలో వెన్న ఎంత ఉన్నదో సంఘం తెలుసుకోవచ్చు, ధర కట్టాలి గనుక. సభ్యుని ఒంట్లో చక్కెర ఎంత ఉన్నదో తెలుసుకోవలసిన పని సంఘానికి లేదు.

చట్టం కూడా వచ్చినది. వ్యక్తుల డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో ఆమోదం పొందినది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు. చాలా సెక్షన్లు దశలవారీగా అమలులోకి వచ్చేట్లు పెట్టారు. చట్టం ఉన్నది గదా అని లెడ్జరులో వ్రాసి పెట్టుకోవడం సరికాదు.

ఖాతాలో ఏమి ఉంచాలి?

ఇది అసలైన పాఠం. దగ్గు మందు చీటీలన్నీ ఎక్కించనవసరం లేదు. డాక్టరు చికిత్స మార్చేందుకు కారణమయ్యేవి ముందు ఉంచాలి. గుండె కవాటం మార్పించుకున్నవారు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటారు. పన్ను పీకే డాక్టరుకు అది తెలియకపోతే రక్తం ఆగదు. పెన్సిలిన్ పడనివారు, మూర్ఛ మందులు వాడేవారు, స్టెంటు వేయించుకున్నవారు, ఒక కిడ్నీయే ఉన్నవారు ఆ ఒక్క కాగితమైనా తప్పక ఉంచాలి.

కొన్ని పరీక్షలలో ఒకసారి వచ్చిన అంకె కంటే అంకెల వరుస ముఖ్యం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసినదే. అక్కడివారికి క్రియాటినిన్ పరీక్ష ఈ సంవత్సరం ఎంత అన్నదానికంటే మూడేళ్ళుగా ఎట్లా పెరుగుతూ వచ్చింది అన్నది డాక్టరుకు ఎక్కువ చెబుతుంది. ఒకరోజు వెన్న శాతం చూసి గేదెను అమ్మము గదా. అందుకే తేదీలు కనబడేట్లు ఫోటో తీయాలి.

పాడి రైతు ప్రత్యేకంగా వ్రాసి ఉంచవలసినది ఒకటి ఉన్నది: తన వృత్తి. పశువు ఈసుకుపోయినపుడు ఆ దూడను, మాయను వట్టి చేతులతో తీసినవారికి, పచ్చిపాలు తాగేవారికి బ్రుసెల్లోసిస్ సోకవచ్చును. విడిచి విడిచి జ్వరం, చెమటలు, కీళ్ళ నొప్పులు వారాల తరబడి ఉంటాయి. పశువుల సంగతి డాక్టరుకు తెలియకపోతే టైఫాయిడు అనో మరొకటి అనో మందులు మార్చుతూ పోవడం జరుగుతుంది. "పాడి పశువులు ఉన్నవి, ఫలానా నెలలో గేదె ఈసుకుపోయింది" అన్న ఒక్క వాక్యం ఉంటే ఆ పరీక్ష ముందుగా చేయించే అవకాశం ఉంటుంది. గేదె రికార్డు, మనిషి రికార్డు కలిసే చోటు ఇదే.

యాప్ వచ్చిందని కాగితాలు పారవేయరాదు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి కంప్యూటర్లపై సైబరు దాడి జరిగి, దాదాపు రెండు వారాలు ఓపీ పనులు చేతిరాతతో నడపవలసి వచ్చినది. అయితే ఈసీజీ కాగితం మన పాల స్లిప్పు వంటిదే, కొంతకాలానికి అక్షరాలు వెలిసిపోతాయి. దానిని రాగానే ఫోటో తీయాలి. ఎక్స్‌రే ఫిలిముకు బదులు దానితో ఇచ్చిన రిపోర్టు తీస్తే చాలు. ఇంకొకటి. స్పృహ తప్పి పడిపోయినవాడు ఫోను తెరిచి అనుమతి ఇవ్వలేడు. రక్తం గ్రూపు, వాడే మందులు, పడని మందులు, ఇంటివారి ఫోను నంబరు ఒక చిన్న అట్ట మీద వ్రాసి జేబులో ఉంచుకోవాలి. ఇది అర్ధ రూపాయి ఖర్చు లేని పని, యాప్ కంటే ముందు చేయవలసిన పని.

మహిళా సభ్యుల విషయం. పాలు పోసేది ఆమె, ఫోను కొడుకుది. ఇది చాలా ఇళ్ళలో ఉన్న సంగతి. ఆమెకు వేరే సిమ్ము ఉంటే ఆ నంబరే ఇవ్వాలి. లేనపుడు ఇంట్లో ఎవరి ఫోను వాడాలో ఆమెనే చెప్పమనాలి. కొందరు భర్త పేరు చెప్పరు, కూతురి పేరు చెబుతారు. కారణం అడగనవసరం లేదు. సిమ్ము మార్చేవారు పాతది వదిలే ముందే ఆభాలో కొత్త నంబరు వేయించుకోవాలి. ఆగిపోయిన నంబరును 90 రోజుల తరువాత కంపెనీ ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మన సమాచారం ఎవరో తెలియనివారి ఫోనుకు పోతుంది.

సంఘ కార్యాలయంలో ఆరోగ్య సిబ్బందిని పిలిపించి ఒకరోజు ఆభా శిబిరం పెట్టించడం మంచిదే. బల్ల, కుర్చీలు, మంచినీళ్ళు సంఘం ఇవ్వవచ్చు. పేర్లు, నంబర్లు వ్రాసే పుస్తకం మాత్రం సంఘానిది కాకూడదు. శిబిరం పెట్టదలచిన సంఘాలు ముందుగా పాలకవర్గ సమావేశంలో ఈ దిగువ తీర్మానం వంటిది చేసి, మినిట్సు పుస్తకంలో వ్రాయవలెను:

"సభ్యుల ఆభా నంబర్లు, ఓటీపీలు, లాగిన్ వివరాలు, వైద్య కాగితాల ఫోటోలు సంఘ రికార్డులలో గాని, సంఘ ఉద్యోగుల ఫోనులలో గాని ఉంచరాదని, ఏ సభ్యుని ఖాతాకూ ఉద్యోగుల ఫోను నంబరు ఇవ్వరాదని, ఇప్పటికే ఇచ్చి ఉన్నచో 15 రోజులలోగా సభ్యుల సమక్షంలో మార్పించవలెనని, ఆభా లేదన్న కారణంతో ఏ సభ్యునికీ సంఘం నుండి రావలసిన బోనసుగాని, దాణాగాని, ఇతర సౌకర్యముగాని నిలుపరాదని తీర్మానించడమైనది."

అధ్యక్షుడు, కార్యదర్శి సంతకాలు చేసి తేదీ వేయాలి. తదుపరి సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించి, నకలు నోటీసు బోర్డుపై అంటించాలి.