కానరాని జ్వాల

దూరం నడిచే బాటసారికి వీపుమీది బరువే తొలి పరీక్ష. అమెరికాలో జార్జియా నుండి మెయిన్ వరకు సుమారు 3,500 కిలోమీటర్లు సాగే అపలేచియన్ కాలిబాటలో పయనించేవారిలో కొందరు, ఆ భారాన్ని తగ్గించుకోవడానికి శీతలపానీయాల ఖాళీ డబ్బాలతో స్పిరిట్ పొయ్యిని స్వయంగా తయారు చేసుకుంటారు.

రెండు అల్యూమినియం డబ్బాల అడుగుభాగాలను కత్తిరించి, ఒకదానిలో ఒకటి బిగిస్తారు. లోపల గుండ్రంగా చుట్టిన రేకును నిలిపితే జంటగోడ ఏర్పడుతుంది. పై అంచు చుట్టూ సూదితో సన్నని రంధ్రాలు చేస్తారు. నడుమ ఇథైల్ ఆల్కహాల్ పోసి వెలిగించగానే పొయ్యి వేడెక్కుతుంది. ఆ ద్రవం 78 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరుగుతుంది. కనుక గోడల మధ్య చేరినది ఆవిరై, రంధ్రాల గుండా వెలువడి మండుతుంది. ప్రయోగశాలలోని స్పిరిట్ దీపానికి వలె దీనికి వత్తి అవసరం లేదు. పాత్రకు మసి కూడా అంతగా అంటదు.

అయితే ఈ సుగుణంలోనే అపాయం పొంచి ఉంది. మసికణాలు లేని జ్వాల పగటివెలుగులో కంటికి ఆనదు. ఆరిందని భ్రమించి మరల ఇంధనం పోస్తే, మంట చేతిలోని సీసాకే అంటుకోవచ్చు. అందువల్ల పొయ్యి పూర్తిగా చల్లారిన పిదపనే ఇంధనం నింపాలి. మూసిన గుడారంలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం కాగలదు గనుక దానిని ఆరుబయటనే వెలిగించాలి.

పొయ్యిని రూపొందించడానికి నేర్పు చాలు; దానితో క్షేమంగా వండుకోవడానికి జాగరూకత కావాలి.